మంగక్క కొనుక్కున్న వానలు

అనగనగా, పిల్లలూ, ఎర్రకొండ వెనక ఒక అడవి ఉండేది. అక్కడ కాపలా కొలువు కొండముచ్చులదీ ఉడుతలదీ. చెట్టు చివర కూర్చుని, పులి అలికిడి వినగానే కేక పెట్టాలి. ఆ కేక మీదే జింకలూ దుప్పులూ ప్రాణాలతో ఉండేవి. అందుకని అడవంతా కలిసి కొండగుహలో ఒక గాదె పెట్టుకుంది. కాపలా కాసినవాళ్ళు ముసలివాళ్ళయ్యాక, బతికినంతకాలం రోజూ అందులోంచి ఎండుపండ్లు ఇస్తారు. ఎక్కువ వానాకాలాలు కాసినవాళ్ళకు ఎక్కువ, తక్కువ కాసినవాళ్ళకు తక్కువ. గాదె పెత్తనం ఏదుపంది భద్రయ్యది.

మంగక్క అనే కొండముచ్చు కొలువులో ఆలస్యంగా చేరింది. చెల్లెలు చనిపోతే, దాని పిల్లల్ని సాకడంలోనే వయసు సగం గడిచిపోయింది. మంగక్క తల్లి ముసలితనంలో ప్రతి చెట్టు కిందా నిలబడి, పైనుంచి ఎవరైనా పండు విసురుతారేమోనని చూసేది. ఆ చూపు మంగక్క మరిచిపోలేదు. తనకు ఆ గతి పట్టకూడదని వెళ్ళి భద్రయ్యను అడిగింది.

తప్పిపోయిన వానాకాలాలను కొనుక్కోవచ్చని అతను చెప్పాడు. తినే పండ్లలో కొన్ని రోజూ గాదెలో వేయాలి. వేసింది వెనక్కి రాదు. కానీ ఆ వానల్లో కూడా ఆమె కాపలా కాసినట్టే లెక్క.

అదే చెట్టు మీద కాపలా కాసే ఉడుత చారలయ్య కూడా ఆలస్యంగా చేరినవాడే. అతను నవ్వాడు.

"తిరిగి రానిదాన్ని దాచుకోవడం అంటారా, పారేసుకోవడం అంటారా, మంగక్కా? నా తొర్ర చూడు. కావలసినప్పుడు తీసుకుంటాను. మిగిలితే నా పిల్లలకు ఉంటుంది."

ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా మంగక్క ఒక మాట అడిగింది.

"నువ్వు ఎన్నాళ్ళు బతుకుతావు, చారలయ్యా?"

"మా నాన్న బతికినన్నాళ్ళు. అంతకు సరిపడా దాస్తున్నాను."

"నేను ఎన్నాళ్ళుంటానో నాకు తెలియదు," అని మంగక్క గాదె వైపు నడిచింది.

మొదటి ఏడాది వానలు బాగా కురిశాయి. చారలయ్య తొర్ర నిండి పొంగింది. మంగక్క పొట్ట వీపుకు అంటుకుందని అతను అందరి ముందూ ఎగతాళి చేశాడు. రెండో ఏడు ఆమె సాకిన పిల్లలే, ఉన్నది తినక ఎందుకీ బాధ అని సణిగారు. మూడో ఏడు కరువొచ్చింది. గుహ ముందు నిలబడి చేతిలోని తునికిపండు వాసన చూసింది మంగక్క. అయినా పండు గాదెలోనే పడింది.

కాలం గడిచింది. ఇద్దరికీ కళ్ళు మసకబారాయి, కొలువు ముగిసింది. చారలయ్య తన తండ్రి వయసు దాటాడు. ఇంకా గట్టిగానే ఉన్నాడు. తొర్ర మాత్రం అడుగంటింది. గాదెలోంచి వచ్చే కొద్దిపాటి పండ్లు పూటకు చాలవు. తెల్లవారితే చాలు, ఇంకో రోజు ఎలాగా అని భయపడేవాడు.

ఒకనాడు మంగక్క గుహ దగ్గరికి వచ్చింది. పక్కనున్న దుప్పిపిల్ల జాలిపడి, "పాపం అవ్వ, కాస్త ఎక్కువ పెట్టు, తాతా," అంది.

భద్రయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"పెట్టడమేమిటి? ఆమె కాసిన వానలూ కొన్న వానలూ కలిపి ఇంత వస్తుంది. మనం ఇవ్వాల్సింది ఇస్తున్నాం. ఆమె తీసుకుంటోంది."

మంగక్క నడుము వంగిపోయింది గానీ, ఆ మాటకు తల నిటారుగా లేచింది. తన పండ్లు తీసుకుని వచ్చి, ఒక వాటా చారలయ్య ముందు పెట్టింది. అతను తల దించుకుని, తనకు ఎందుకు పెడుతున్నావని అడిగాడు.

"పెట్టడానికీ ఉండాలిగా, చారలయ్యా. అందుకే కదా ఆనాడు నీచేత అన్ని మాటలు పడ్డాను," అంది మంగక్క. ఆ పూట ఇద్దరూ కలిసి తిన్నారు.

నీతి: సత్తువ ఉన్నప్పుడు నోరు కట్టుకుని, బతికినంతకాలం అందే హక్కును సంపాదించుకున్నవారు ముసలితనంలో తలెత్తుకుని తింటారు, మరొకరికీ పెడతారు.