ఓబులవ్వ ముంత

అనగనగా అన్నానని ఎన్నేళ్ళ కిందట అని అడక్కండి, నాకు చెప్పినవాళ్ళకే తెలియదు. గుట్ట కింద ఒక పల్లె. ఆ పల్లెలో ఈతచాపలు అల్లే ఓబులవ్వ. ఆమె వయసు ఎంతో ఆమెకే తెలియదు. మునిమనవరాళ్ళ పెళ్ళిళ్ళు కూడా చూసింది, లెక్కేసుకోండి.

ఆ ఊరికో మర్యాద ఉండేది. ఎవరికి అంబలి పోసినా ముంత అంచుదాకా పోయాలి. పెద్దవాళ్ళకైతే పొర్లేటట్టు పోయాలి. తక్కువ పోశారంటే ఆ మనిషిని కుక్క కింద జమకట్టినట్టే. మంచి మర్యాదే, నేను కాదనను. దాంతో వచ్చిన చిక్కేమిటో వినండి.

ఓబులవ్వ చేతులు మొదట సూదిలో దారం ఎక్కించడం మానుకున్నాయి. సరే అనుకుంది. తర్వాత చాప అల్లడం మానుకున్నాయి. సరే అనుకుంది. మూడోసారి ముంత పట్టడం మానుకున్నాయి. అప్పుడు మాత్రం సరే అనుకోలేకపోయింది. నిండు ముంత వణికి, అంబలంతా అప్పుడే అలికిన నేల మీద పడింది.

మనవడి పెళ్ళాం నాగక్క పల్లెత్తు మాట అనలేదు. తుడిచి మళ్ళీ అంచుదాకా పోసింది. మళ్ళీ ఒలికింది. మూడోసారీ పోసింది, మూడోసారీ ఒలికింది. ముంత తనే పట్టుకుని నోటికి అందించబోతే అవ్వ మొహం తిప్పేసుకుంది. ఇంకొకరు నోట్లో పోసేది పసిబిడ్డకి, పోయే ప్రాణానికి. తను ఆ రెండూ కాదు.

"ఆకలి లేదు మే, తీసెయ్" అంది.

పచ్చి అబద్ధం. కడుపులో పేగులు అరుస్తున్నాయి. కానీ ఇంటిల్లిపాదీ చూస్తుండగా నేల పాడుచేసిన సిగ్గు ఆకలికంటే పెద్దదైంది.

మూడు రోజులు అదే మాట. "అవ్వా, రోంత తాగు." "ఆకలి లేదు మే." వైద్యుడొచ్చి నాడి చూసి, "నూరేళ్ళూ నిండినాయి, ఇంగ బలవంతం చేయొద్దండి" అన్నాడు. ఆ ఊళ్ళో పండుముసలివాళ్ళందరూ అట్లాగే పోయేవాళ్ళు. ఉన్నట్టుండి ఆకలి లేదనడం, చిక్కిపోవడం, కన్నుమూయడం.

మూడో రోజు పొద్దున నాగక్క వాకిట్లో పొరుగామెతో అంటున్న మాట అవ్వ చెవిన పడింది. "పెద్దరెడ్డి కూడా ఏమీ ముట్టడంలేదంట. ఆకలి లేదంటాడంట. ఇద్దరూ ఒక్కతూరే పోయేటట్టుండారు."

పెద్దరెడ్డి అంటే ఊరిపెద్దకు తండ్రి, పేరు చిన్నపరెడ్డి. ఓబులవ్వ ఈడువాడు. మొన్నామధ్య జాతరలో ఆయన రెండు చేతులూ కండువా కింద దాచుకుని కూర్చోవడం ఆమె చూసింది.

ఓబులవ్వకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. తనను కన్న తల్లి కూడా ఆకలి లేదనే పోయింది. అమ్మకు నిజంగా ఆకలి లేకపోయిందా? ఇప్పుడెవరినడగాలి?

లేచింది. ఖాళీ ముంత చంకన పెట్టుకుని, కర్ర పట్టుకుని, మూడు వీధుల్లో మూడు చోట్ల కూలబడి, రెడ్డి ఇల్లు చేరింది.

పెద్దరెడ్డి మంచం మీదున్నాడు. పక్కన వెండి చెంబు నిండా పాలు. చుట్టూ కొడుకులు, కోడళ్ళు.

"రెడ్డా, చెయ్యి చూపియ్" అంది ఓబులవ్వ.

ఆయన చేతులు దుప్పటి కిందికి పోయాయి. "ఆకలి లేదులే ఓబులక్కా."

"నాకూ లేదు రెడ్డా. మూడు దినాల నుంచీ లేదు" అంటూ తన చెయ్యి చాపింది. అది ఆకులా అల్లాడుతోంది. ఆయన దాన్ని చూశాడు. మెల్లగా తన చెయ్యి బయటికి తీశాడు. అదీ అట్లాగే అల్లాడుతోంది.

ఓబులవ్వ పెద్దకోడలి వైపు తిరిగింది. "తల్లీ, చెంబులో మూడో వంతుంచి, తక్కిన పాలు నా ముంతలోకి వంచు."

పెద్దకొడుకు గుడ్లురిమాడు. "మా నాయనకు కుక్కకు పోసినట్టు అడుగున పోయిస్తావా?"

"వంచమ్మా" అన్నాడు పెద్దరెడ్డి.

చెంబు తేలికైంది. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. చేతులు వణికాయి, చెంబు వణికింది, పాలు లోపల్లోపలే ఊగాయి. చుక్క కింద పడలేదు. గటగటా తాగి "ఇంకొంచెం" అన్నాడు. ఇంకో రెండుసార్లు పోశారు, మొత్తం మూడుసార్లు తాగాడు. పెద్దకొడుకు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఓబులక్కకూ అట్లాగే పోయండి" అన్నాడు పెద్దరెడ్డి. ఆమె కూడా మూడుసార్లు తాగింది. ఆ పూట ఆమె కడుపు చల్లబడింది.

తర్వాత ఇద్దరూ చాలా ఏళ్ళు బతికారు. పెద్దరెడ్డి ముందు పోయాడు. ఆ తర్వాత ఒక పొద్దున ఓబులవ్వ ముంత పక్కకు జరిపింది. "ఆకలి లేదు మే."

నాగక్క పక్కన కూర్చుంది. "ఆకలి లేదా అవ్వా, చెయ్యి వణికిందా?"

అవ్వ బోసినోటితో నవ్వింది. "ఈ తూరి నిజంగానే లేదు మే. నువ్వడిగినావు, నాకదే చాలు."

ఇప్పటికీ ఆ పల్లెలో పండుముసలివాళ్ళకు మూడో వంతే పోస్తారు, మూడుసార్లు పోస్తారు. పోసేవాళ్ళు చేతులవంక చూడరు, పక్కకు తిరిగి ఏదో కబురు చెబుతుంటారు. ఎవరైనా ఆకలి లేదంటే వైద్యుడికి కబురు తర్వాత. ముందు పక్కన కూర్చుని అడుగుతారు, "ఆకలి లేదా, చెయ్యి వణికిందా?"