ఇద్దరు కోడళ్ళు

అనగనగనగా ఒక వాగు ఒడ్డున, పొద్దెక్కినా మంచు దుప్పటి తియ్యని ఊళ్ళో, సుంకమ్మ అని ఒకావిడ పందుల్ని పెంచుకునేది కన్నా. కొడుక్కి ఎన్నాళ్ళకీ పెళ్ళి కుదరలేదు. 'కోడలా' అని నోరారా పిలుచుకోవాలని ఆవిడ ఆశ. ఆగలేక ఒక ఆడపందికి కోడలని పేరు పెట్టేసింది.

ఆ తర్వాత కొడుక్కి పెళ్ళయింది. నాంచారి కాపురానికొచ్చింది. మొదటి సాయంత్రమే, "కోడలా, రావే, తిందువుగాని" అని అత్త పిలుపు. గబగబా వెళ్ళి చూస్తే, తొట్టి ముందు పంది.

అత్త పడీపడీ నవ్వి, "నువ్వూ రా. అదైతే ఎదురు చెప్పదు" అంది.

నాంచారికి ఒళ్ళు మండింది. చచ్చినా దాన్ని ఆ పేరుతో పిలవనని ఒట్టేసుకుంది. అటు వెళ్ళినప్పుడల్లా కర్ర ఝళిపించేది. పందికి తెలియదూ? అడుగుల చప్పుడు బట్టే మనిషిని పోల్చుకుంటుంది. అత్త వస్తే పొట్ట చూపిస్తూ పడుకునేది. నాంచారి వస్తే మూలకి నక్కేది.

ఒకనాడు అత్తా, కొడుకూ సంతకెళ్ళారు. ఇక్కడ ముసురు పట్టింది. ఆకాశమూ వాగూ ఒకే రంగయిపోయాయి. నీళ్ళు కలలో నడిచినట్టు, చప్పుడు లేకుండా దొడ్లోకొచ్చాయి. దొడ్లో కోడలూ, దాని పాలు తాగే పిల్లలూ. తల్లి కదిలితేనే పిల్లలు కదిలేది.

నాంచారి తడిక తీసి కర్రతో అదిలించింది. పంది ఇంకా మూలకి పోయింది. అప్పుడు తవుడు చూపించింది. ముట్టె ఎత్తి వాసన చూసిందే గానీ రాలేదు. ఆ తర్వాత అత్త పాత చీర కప్పుకుని వెళ్ళింది. పంది సగం దూరం వచ్చి, ఆ అడుగులు ఎవరివో విని, గుర్రుమని వెనక్కి పోయింది.

నీళ్ళు పిల్లల పొట్టల్ని తాకాయి.

నాంచారి కర్ర వదిలేసింది. అది తేలుతూ పోయింది. ఆమె ఆ బురదలోనే చతికిలబడి, మెల్లగా అంది: "కోడలా, నేనూ కోడల్నే. నాకూ భయంగానే ఉందే."

పంది చెవులు కదిలాయి. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, తడి ముట్టె ఆమె అరచేతిలో పెట్టింది. నాంచారి దాని చెవి వెనక గోకింది. అప్పుడు లేచి మిట్ట మీదికి నడిచింది. వెనకాల పంది. ఆ వెనక పిల్లలు, వానలో దారి తప్పిన మబ్బు తునకల్లా.

అత్త పరుగున వచ్చేసరికి, మిట్ట మీది ఇంటి అరుగు మీద నాంచారి ఒళ్ళో తల పెట్టుకుని పంది కునుకుతోంది.

"కోడలా" అంది అత్త.

పంది ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసేసింది.

"ఇద్దరం ఉన్నాం అత్తా, ఎవరు కావాలి?" అంది నాంచారి.

అత్త అరుగెక్కింది. పక్కన కూర్చుని, కొంగుతో ముందు నాంచారి తల తుడిచింది. ఆ తర్వాత పంది చెవులు తుడిచింది.

కథేమో కంచి బాట పట్టె,
కునుకేమో కంటి తలుపు తట్టె.
పంది పిల్లలు తల్లి పక్కకి,
నా బుజ్జి తల్లి అమ్మమ్మ పక్కకి.