చిల్లు లేని మరువం పెట్టె

కూర్మదాసు గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన సమాధానం చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. గోదావరి ఒడ్డున ఉన్న ఆయన చిన్న ఆశ్రమంలో బావి పూడిక తీయించింది కర్మ సిద్ధాంతం, గోశాలకి కప్పు వేయించింది పునర్జన్మ. ఈ రాసేవాడు కూడా కుర్రతనంలో మోక్షం అంటే ఏమిటని అడిగి మూడు రోజులు పేడ ఎత్తాడు. మోక్షం సంగతి అలాగే ఉండిపోయింది గానీ, పేడ సంగతి మాత్రం ఎవరు అడిగినా చెప్పగలడు.

గురువు కాకముందు ఆయన ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గర పొట్లాలు కట్టేవారు. వేదాంతం తనంతట తానే చదువుకున్నారు. "నాకు తెలిసింది ఎండిన ఆకుల గురించే. పచ్చగా ఉన్నవాటి జోలికి వెళ్ళను" అని నవ్వేవారు. ఆశ్రమంలో ఊళ్ళవాళ్ళకి ఊరికే మందులిచ్చే గది ఒకటి ఉండేది. దాని వెనక కిరసనాయిలు డబ్బాల్లో తులసి, వామాకు, నేలవేము, పుదీనా పెరుగుతుండేవి.

ఒక జ్యేష్ఠమాసపు ఉదయం ఆ గది మెట్ల మీద ఓలేటి పోలయ్య వచ్చి కూర్చున్నాడు. అతను పడవలు చేసే వడ్రంగి. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఏకాదశికీ వచ్చే శిష్యుడే గానీ, ఏనాడూ ఏమీ అడిగి ఎరగడు. ఆ రోజు ఒళ్ళో తుప్పు పట్టిన డబ్బా ఒకటి, అందులో ఒక మరువం మొక్క ఉన్నాయి.

"మా నూకరత్నం పోయి పది నెలలైందండి, అయ్యగారూ."

"అవును."

"మనిషంటే పోయింది, సరే. ఇప్పుడు గొంతు కూడా పోతందండి."

పోలయ్య తడుముకుంటూ చెప్పుకొచ్చాడు. అతను రేవులో పడవ కడుతుంటే ఆవిడ మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని అవతలి గట్టున నిలబడి కేక వేసేది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు కాబట్టి, "ఓయ్, పడవలాయనా!" అనేది. నీటి మీద ఆ పిలుపు జారుతూ వచ్చేది. అది ఎక్కడ మరిచిపోతానో అన్న భయంతో ఈ పది నెలలుగా తెల్లారి లేవగానే ఆవిడ మాటలన్నీ వరసపెట్టి వల్లె వేసుకుంటున్నాడు. వేసుకోగా వేసుకోగా, ఇప్పుడా మాటలు తన గొంతుతోనే వినపడుతున్నాయి.

"రాసుకుని దాచుకోడానికి నాకు అక్షరం ముక్క రాదండి. నాకొచ్చిన విద్యల్లా పడవలోకి నీరు రాకుండా చెయ్యడమే. ఉన్నదాంట్లో ఇంక ఒక్క బొట్టు కూడా పోకుండా దాచుకునే ఉపాయం చెప్పండి."

గురువుగారు డబ్బా వైపు చూశారు. "అదేమిటి?"

"ఆవిడ వేసిన మరువమండి. డబ్బాని తుప్పు తినేసింది. శ్రావణంలో సంవత్సరీకం. ఆవేళ దీని రెమ్మ ఆవిడ పటానికి పెట్టాలండి. ఇదీ పోయిందంటే..."

"వంటింటి వెనక పాత పడవ చెక్కలున్నాయి పోలయ్యా. మా డబ్బాలకీ తుప్పే. మొక్కలకి పెట్టెలు చేసిపెట్టు. మొరటుగా ఉన్నా ఫరవాలేదు" అని గురువుగారు లేచి వెళ్ళిపోయారు.

పోలయ్యకి ఆశ్రమం రివాజు తెలుసు కాబట్టి ఎదురు చెప్పలేదు. వెళ్ళి ఆ చెక్కల గుట్ట చూసి మాత్రం అక్కడే చతికిలపడ్డాడు. అవి అతను కట్టిన రేవు పడవ చెక్కలే. వంతెన వచ్చాక ఆ పడవని విరగ్గొట్టి, వంటచెరుకు కింద ఇక్కడ పడేశారు. ఒక్కొక్క చెక్క మీదా తన ఉలి దెబ్బ తనకి కనిపిస్తోంది. ఆ గుట్టలో, నలభై ఏళ్ళు జనం కూర్చుని కూర్చుని నున్నబడిన బల్ల ఒకటి దొరికింది. రేవు దాటేటప్పుడు నూకరత్నం ఎప్పుడూ దాని కుడి కొసనే కూర్చునేది. దాన్ని తీసి పక్కన పెట్టుకున్నాడు.

గుట్ట పక్కన గురువుగారు తన చేత్తో చేసిన రెండు పెట్టెలు ఉన్నాయి. నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. చెక్కకీ చెక్కకీ మధ్య వేలు దూరే సందు.

"అయ్యగారూ, ఇందులో నీళ్ళు పోస్తే మొక్క కంటే ముందు గోదారి తాగుతుందండి."

"అది పెట్టె కాదులే, నాలుగు చెక్కల తగవు. నేను మధ్యవర్తిని. ఎవరూ నా మాట వినలేదు" అన్నారు గురువుగారు.

పోలయ్య పాత మేకులు పీకి, రాతి మీద పెట్టి వంకర తీశాడు. కుళ్ళిన కొసలు కోసేశాడు. చెక్కల మీది తారు మచ్చలు, తుప్పు చారలు అలాగే ఉంచాడు. పదిహేను రోజుల్లో పది పెట్టెలయ్యాయి. పదకొండోది ఆ నున్నటి బల్లతో చేశాడు. నూకరత్నం కూర్చున్న కొస అడుగుకి వచ్చేటట్టు కొలిచి మరీ కోశాడు. చూడడానికి అన్నీ మొరటుగానే ఉన్నాయి. కానీ చెయ్యి ఊరుకుంటుందా? ప్రతి అతుకులోనూ నూనెలో నానిన దూది కూరి, పైన గుగ్గిలం కాచి పోశాడు. పడవకి చేసినట్టే ఒక్కొక్క పెట్టె నిండా నీళ్ళు పోసి, ఒక పగలంతా ఎండలో పక్కన కూర్చుని చూశాడు. బయట చుక్క తడి లేదు.

వంట చేసే వెంకాయమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "ఏవయ్యా పోలయ్యా, వీటికి తెడ్లు కూడా చేస్తావా? వరదొస్తే ఎక్కి కూర్చుంటాం."

"నవ్వండమ్మా. నలభై ఏళ్ళలో నా పడవలో నీళ్ళు తోడినవాడు లేడు."

ఆశ్రమం డబ్బాల్లోని మొక్కలన్నీ పెట్టెల్లోకి మారాయి, గురువుగారి రెండింట్లోకి తులసి వెళ్ళింది. మరువాన్ని డబ్బాలోంచి వేళ్ళతో సహా తీసి పదకొండో పెట్టెలో నాటాడు. రోజూ పొద్దున్నే వచ్చి, ఆవిడ మాటలు వల్లె వేసుకుంటూ చెంబుడు నీళ్ళు పోసేవాడు. ఒక్కోరోజు వల్లె సరిగా కుదరక ఇంకో చెంబు పోసేవాడు. ఆషాఢం చివర ముసురు పట్టింది. ఎనిమిది రోజులు ఎడతెగని వాన. వాన వెలిసేసరికి పెట్టెల్లో పుదీనా నల్లబడింది, వామాకు ముద్దయిపోయింది. మరువం ఆకులు పసుపు తిరిగి తలలు వాల్చేశాయి. గురువుగారి వంకర పెట్టెల్లో మాత్రం తులసి మోకాలెత్తు పెరిగి గాలికి ఊగుతోంది.

సంవత్సరీకం నాలుగు రోజుల్లో పడింది. పోలయ్య పరుగున వచ్చాడు. "అయ్యగారూ, ఇంత కట్టుదిట్టంగా చేశాను కదండీ, ఎందుకిలా అయిపోతన్నాయి?"

"నన్నడుగుతావేం, నేను ఎండిన ఆకుల మనిషిని" అన్నారాయన. ఆయనకి నిజంగా తెలియదో, తెలిసే ఊరుకున్నారో ఇప్పటికీ తేలలేదు.

వెంకాయమ్మకి అంత ఓపిక లేదు. "అడుగున చిల్లు లేకపోతే వేళ్ళు కుళ్ళవుటయ్యా? నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"అడుగున చిల్లా?" అన్నాడు పోలయ్య. వాళ్ళ ఇంటి ఆచారంలో పడవ అడుగు పూర్తయ్యాక చిల్లులు తొలిచే బర్మాని గుడ్డలో చుట్టి కట్టేస్తారు. పడవ నీళ్ళలోకి దిగేదాకా ఆ ముడి విప్పరు. అసలు చిల్లు అన్న మాటే నోట రానివ్వరు. అలాంటిది తన చేత్తో, తన పడవ చెక్కకి, అందులోనూ ఆవిడ కూర్చున్న చోట చిల్లు పెట్టాలా?

అంత పెద్దమనిషీ సంచిలోంచి బర్మా తీసి, ముడి విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పాడు. పెట్టెని అరుగు అంచుకి జరిపి, తాను కింద కూర్చున్నాడు. అడుగున బర్మా మొన ఆనించి కళ్ళు మూసుకుని తిప్పాడు. నలభై ఏళ్ళ చెక్క కిర్రుమంది. ఒక తిప్పు. రెండు. పది. ఉన్నట్టుండి నల్లటి నీళ్ళు, కుళ్ళు కంపుతో, బుస్సుమని చెయ్యి మీదా చొక్కా మీదా పడ్డాయి.

పోలయ్య తడిసిన చొక్కా చూసుకున్నాడు. మేకులు తగిలి అక్కడక్కడ చిరిగిన చొక్కా.

'పడవకి ఒక్క చిల్లు పడనివ్వవు గానీ, చొక్కా నిండా చిల్లులే కదయ్యా!'

నూకరత్నం గొంతే. చివర కొంచెం బొంగురు పోయి, నవ్వు అడ్డం పడిన గొంతు. అతను వల్లె వేసుకునే మాటల్లో ఈ మాట లేనే లేదు. ఏనాడో మరిచిపోయాడు. చటుక్కున అరచెయ్యి ఎత్తి చిల్లుకి అడ్డం పెట్టాడు. గొంతు అప్పటికే లేదు. అరచేతి కింద నీరు బరువుగా కొట్టుకుంటోంది. చాలాసేపు అలాగే ఉన్నాడు. తరవాత మెల్లగా చెయ్యి తీసేశాడు.

నల్లనీళ్ళు పోయాయి. వెంకాయమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పోశాడు. కాసేపటికి అవీ అడుగునుంచి, ఈసారి మరువం వాసనతో, బొట్టు బొట్టుగా రాలడం మొదలుపెట్టాయి. మొక్క మొదట్లో, పసుపు ఆకుల కింద, ఒక్క రెమ్మ ఇంకా పచ్చగా ఉంది.

గురువుగారు ఎప్పుడొచ్చారో వెనక నిలబడి ఉన్నారు. పోలయ్య తలెత్తలేదు. రాలే బొట్లనే చూస్తూ, "పోసిందల్లా పోతందండి, అయ్యగారూ" అన్నాడు.

"మట్టిలో వేలు పెట్టి చూడు."

పెట్టాడు. "తడిగా ఉందండి."

"మరి పోయిందంటావేం?"