వేటచిరుతకు పెళ్ళి చేసిన రాజు

అనగనగా ఒక రాజు. ఏ ఊరని అడక్కండర్రా, ఆయన మునిమనవలు ఇంకా ఓట్లకొస్తున్నారు. మీసం బారెడు, బుద్ధి బెత్తెడు.

ఆయనకి వేటచిరుతల పిచ్చి. మీరు చీతా అంటారే, కాటుక కారినట్టు కంటి నించి మూతి దాకా నల్లచార ఉంటుంది, అది. అడివిలో వల పన్ని పట్టించి, కళ్ళకి టోపీ తొడిగించి, ఎద్దుబండి మీద వేటకి తీసుకెళ్ళేవాడు. జింక కనపడగానే టోపీ తీయించేవాడు. పరిగెత్తి పట్టేది అది, మీసం దువ్వుకునేది ఈయన. మా కాలేజీ ప్రిన్సిపాలూ అంతే, మేం పాసైతే దండ ఆయన వేయించుకునేవాడు. సరే, ఆ గొడవెందుకు. ఊఁ కొడుతున్నారా?

కోటలో ఒకటి చస్తే అడివిలో ఒకటి పట్టేవారు. అది చస్తే ఇంకోటి. ఇంకోటి చస్తే మరోటి. కోటలో మాత్రం ఒక్క పిల్లా పుట్టలేదు. చివరికి వేటగాళ్ళొచ్చి, అడివంతా గాలిస్తే ఒక్క జంటే మిగిలింది, ఆడది కడుపుతో ఉంది అన్నారు. రెండూ పట్టుకురండన్నాడు రాజు.

కోడలు మంగతాయారు అక్కడే తమలపాకులకి సున్నం రాస్తోంది.

"అవీ పోతే తర్వాత ఎక్కణ్ణించి తెస్తారు మావయ్యగారూ?"

రాజు వేటగాళ్ళకేసి చూశాడు.

"ముందు ఇంట్లోవాటికి పిల్లల్ని పుట్టించండి. పుడితే ఆ జంటనీ పట్టండి. పుట్టకపోతే అడివి జోలికి పోనని మాటివ్వండి."

"ఓస్, ఇంతేనా! పెళ్ళి చేస్తే పిల్లలు వాటంతటవే పుడతారు" అని మాటిచ్చేశాడు.

ఇక చూడండి పెళ్ళి! పందిరేశారు, సన్నాయి ఊదారు. గోత్రమేమిటని పురోహితుడు అడిగితే, ఏం చెప్పాలో తెలీక రాజుగారి గోత్రమే చెప్పారు. పెళ్ళికొడుకు తలంబ్రాలు దులుపుకుని పురోహితుడి పిలక వాసన చూశాడు. మిగతా మంత్రాలు ఆయన పందిరి గుంజెక్కి చదివాడు.

పట్టుపరుపు వేశారు, పాలూ పళ్ళూ పెట్టారు. పెళ్ళికూతురు గోడకేసి తిరిగి పడుకుంది. వానలు పోయాయి, చలి పోయింది, ఎండలొచ్చాయి. పిల్లల్లేరు.

"అడివిలో ఆడది పరిగెడుతుంది మావయ్యగారూ, మగవి రోజుల తరబడి వెంటపడతాయి. దానికి నచ్చితే అప్పుడు సరేనంటుంది. మెడకి గొలుసేసి, గుమ్మంలో మీరు కావలి కూచుంటే ఏం సంసారం చేస్తుంది?"

రాజు సిగ్గుపడి గొలుసులన్నీ విప్పించి వాటిని అడివిలో వదిలేయించాడు. మళ్ళీ వానలకి ఆ అడివినిండా పిల్లలే పిల్లలు. రాజు సుఖం, కోడలు సుఖం, గుంజ దిగిన పురోహితుడూ సుఖం.

మరి మన అడవుల్లో ఎందుకు లేకుండా పోయాయంటావా సుందరీ? పక్క రాజ్యాల్లోనూ ఇలాగే పట్టారు. తుపాకులొచ్చాక కాల్చారు. బీళ్ళు దున్నేశారు. వాళ్ళకీ కోడళ్ళున్నారర్రా, మామగార్లకే చెవుల్లేవు. మన రాజుగారు వదిలినవి కూడా, సరిహద్దు ఎక్కడో తెలీక, పాపం అటే పరిగెత్తాయి. ఇప్పుడేమో పరాయి దేశం నించి విమానమెక్కించి తెచ్చుకుంటున్నాం.

అంచేత ఎవరి పరుగు వాళ్ళని పరిగెత్తనివ్వాలి. కథ కంచి బస్సెక్కింది, మీరు పక్కలెక్కండి. ఒరేయ్ రాంపండూ, ముందు ఆ పిల్లి మెడలో రిబ్బను విప్పు.