ఎన్ని చుక్కల నీలం

బందరులో మౌలాలి గారి దగ్గర మూడేళ్లుగా పని నేర్చుకుంటున్న శేషగిరికి నలుపు కుదరడం లేదు.

నలుపంటే ఒట్టి నలుపు కాదు. ఫొటోలు వేసే ప్రింటర్లోంచి రంగు ఇంకులన్నీ తీసేసి, వాటి బదులు తను కలిపిన ఆరు ఇంకులు పోశాడు. మొదటిది కాటుకంత చిక్కన. దాన్నే కొంచెం కొంచెం పలచన చేసుకుంటూ పోతే ఆరోది బియ్యం కడిగిన నీళ్లకన్నా పలచన. నలుపు తెలుపు ఫొటోలో మబ్బైనా, మొహమైనా, మొహం మీది చెమటైనా ఆ ఆరింటితోనే రావాలి.

అక్కడిదాకా బాగానే ఉంది. కానీ మసితో చేసిన ఇంకు కాగితం మీద పడగానే గోధుమ రంగుకి తిరుగుతుంది. దానికి విరుగుడు నీలం. ఎన్ని చుక్కలు వెయ్యాలన్నదే విద్యంతా. ఒక చుక్క తగ్గితే ఫొటో మీద టీ ఒలికినట్టుంటుంది. ఒకటి ఎక్కువైతే మనుషులు జ్వరంపడి లేచినట్టుంటారు.

మౌలాలి గారు నలభై ఏళ్లు స్టూడియో నడిపారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఉప్పు మడుల దగ్గరికి వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లని ఫొటోలు తీశారు. ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరికీ చూపించలేదు. మొన్నీమధ్య విశాఖపట్నంలో గ్యాలరీ నడిపే అనసూయ గారు వచ్చి చూసి, ముప్పై ఫొటోలతో ప్రదర్శన పెడతానన్నారు. మద్రాసులో ఫొటోలు అచ్చువేయడంలో చెయ్యి తిరిగినవాడు ఉన్నాడు, అక్కడ వేయిద్దామన్నారు.

"మా శేషగిరి సొంతంగా ఇంకులు కలుపుతున్నాడమ్మా" అన్నారు మౌలాలి గారు. "పది రోజులు చూద్దాం. కుదరకపోతే మద్రాసే."

శేషగిరికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. గురువుగారి ఫొటోలు ఎక్కడో మద్రాసులో ఎవడో వేస్తే, మూడేళ్లుగా తనిక్కడ చేసిందేమిటి, సీసాలు కడగడమా?

ఆ మర్నాటి నుంచే పట్టుకున్నాడు. ఇంకు కలపడం, చిన్న కాగితం ముక్క మీద తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా అచ్చువేయడం, చూడటం, మళ్లీ కలపడం. ఆ ముక్కని స్ట్రిప్పు అంటారు. పూర్తిగా ఆరేదాకా ఇంకు రంగు నిలబడదని, స్ట్రిప్పుని ఒక రోజంతా ఆరనిచ్చి చూడాలని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. శేషగిరికీ తెలుసు. కానీ రోజుకొకటి చొప్పున ఆరబెట్టుకుంటూ కూర్చుంటే పది రోజులకి పదే అవుతాయి. అందుకని వాళ్లావిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పట్టుకొచ్చాడు. రెండు నిమిషాలు వేడిగాలి కొడితే స్ట్రిప్పు కరకరలాడుతుంది. ఇంకేం కావాలి?

"నా తలకి లేని భోగం నీ కాగితాలకి పట్టింది" అంది వాళ్లావిడ.

అలా ఎనిమిది రోజుల్లో ముప్పై ఏడు స్ట్రిప్పులు వేశాడు. ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో నంబరు, తన తీర్పు రాసేవాడు. ఇవాళ గోధుమ రంగని రెండు చుక్కలు నీలం కలిపితే, రేపటికి నీలం ఎక్కువైనట్టు కనిపించేది. తగ్గిస్తే మళ్లీ గోధుమ. విసుగెత్తి స్ట్రిప్పుని బుట్టలో పారేసేవాడు.

మౌలాలి గారు సాయంత్రం ఇంటికి వెళ్లేముందు బుట్టలోంచి అవన్నీ ఏరి, కిటికీ పక్కన తాడుకి క్లిప్పులు పెట్టి తగిలించేవారు.

"అవి చెత్త మాస్టారూ" అన్నాడు శేషగిరి ఒకసారి.

"ఉండనీలే" అన్నారాయన.

పెద్దాయనకి ఏదీ పారేయడం ఇష్టముండదు, చిరిగిన కవర్లు కూడా మడతపెట్టి దాస్తారు, ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే వచ్చి చేతులెత్తేశాడు. "నా వల్ల కాదు మాస్టారూ. మద్రాసుకే పంపించెయ్యండి."

మౌలాలి గారు మందలించలేదు, ధైర్యమూ చెప్పలేదు. తాడు మీది స్ట్రిప్పులన్నీ తీసి, అచ్చువైపు పైకి ఉండేలా బల్ల నిండా పరిచారు. కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచారు.

"పంపుదాంలే. వీటిల్లో తక్కువ చెడ్డది ఏదో చెప్పు."

శేషగిరి మనసులేకుండానే వంగాడు. రెండు వరసలు చూసి మూడో వరసలో ఆగాడు. ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టాడు. అందులో గోధుమా లేదు, నీలమూ లేదు. తెలుపు నుంచి నలుపు దాకా ఎక్కడా తడబడకుండా దిగింది. ఎనిమిది రోజులుగా అతను వెతుకుతున్నది అదే.

అతని మొహం మాడిపోయింది. "ఇది మీరు కలిపిందా మాస్టారూ?"

"నాకు అంత చూపెక్కడిది? తిప్పి చూడు."

తిప్పాడు. వెనక తన చేతిరాతే ఉంది. 'మూడు. పనికిరాదు.'

చాలాసేపు ఆ రెండు మాటలే చదువుకుంటూ నిలబడ్డాడు. మౌలాలి గారు మిగతా స్ట్రిప్పులు దొంతర పెట్టుకుని తన పనిమీద తాను వెళ్లిపోయారు. శేషగిరి నోటుపుస్తకం తీసి మూడోసారి కలిపిన లెక్క చూసుకున్నాడు. ఆ రోజంతా సీసాలు కడిగి, కొత్తగా కలిపి, ప్రింటర్లో పాత ఇంకు జాడ లేకుండా చేసేసరికి పొద్దు వాలింది.

పదో రోజు ఉదయం కరెంటు పోయింది. పదకొండు గంటలకి వచ్చింది. తట్టలో ఉప్పెత్తుకుని నిలబడ్డ మనిషి ఫొటో ప్రింటర్లోంచి బయటికి వస్తుండగానే అనసూయ గారు గుమ్మంలో దిగారు.

ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి కాగితం మీదికి వంగి చూశారు. "బాగున్నట్టే ఉందే. మీరేమంటారు శేషగిరి గారూ, కుదిరిందా?"

శేషగిరి ఫొటో వైపు చూశాడు. నిజానికి అతని కంటికి అది కాస్త గోధుమ రంగుగానే కనిపిస్తోంది.

"ఇంకా తెలీదండీ" అన్నాడు.

"తెలీకపోవడమేమిటి? ఎదురుగా ఉందిగా."

"రేపు ఈ వేళకి తెలుస్తుందండీ."

"నాకు సాయంత్రం రైలుంది. మద్రాసు వాళ్లకి ఇవాళే ఏదో ఒకటి చెప్పాలి. చేతిలో పని పోతుంది, ఆలోచించుకోండి. అయిందంటే అయిందనండి, చాలు."

అయిందనడానికి ఒక్క మాట చాలు, ఆవిడ నమ్మడానికి సిద్ధంగానే ఉన్నారు.

"తెలీదండీ" అన్నాడు మళ్లీ. "తెలియకుండా చెప్పలేను."

మౌలాలి గారు గదికి అటు చివర కూర్చుని ఫ్రేముల అట్టలు కోసుకుంటున్నారు. ఆయన ఫొటో చూడటానికి లేవలేదు. తలైనా ఎత్తలేదు.

"మద్రాసు వాళ్లకి వద్దని చెప్పెయ్యమ్మా" అన్నారు.