ఆకులమ్మ వనానికి చీపురు నిషేధమైన వైనం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త అసిరమ్మ. ఆమె చెప్పినదానికి నేను ఒక్క ముక్క కలపలేదు.

పూర్వం మన కొండ దిగువన మద్దిచెట్ల నీడలో వనదేవత శిలారూపంలో వెలసి ఉండగా, ఆ సన్నిధిని ఊడ్చి కళ్లాపి చల్లే సేవ సన్యాసమ్మ అనే పేదరాలు చేసేది. వైశాఖ పౌర్ణమినాడు అమ్మవారికి కొండకలువ సమర్పించడం ఆచారం. ఆకంతా ఎండి మాయమయ్యాక, నడివేసవిలో వట్టి నేలను చీల్చుకుని కాడైనా లేకుండా లేచే ఊదాపువ్వు అది. అడవిలో అది దుర్లభమైపోగా, వనంలోనే పెంచమని ఊరేలే దొర ఆమెను ఆజ్ఞాపించాడు. మూడో ఏటి వైశాఖ పౌర్ణమికి పువ్వు లేకపోతే వనం పక్కన ఆమె గుడిసె ఉండదన్నాడు. ఆమెకు వేరే నిలువనీడ లేదు.

ఏటా తొలకరికి మూడు కొండలు దాటి దుంపలు తెచ్చి నాటేది. వానల్లో ఆకు వేసేది, చలికి ఆకు పోయేది, ఎండలు ముదిరేసరికి దుంప మాడి తొక్కయ్యేది. అమ్మవారి నేల అద్దంలా ఉండాలని ఆమె పట్టుదల. రాలిన ఆకు రాలినట్టే ఎత్తి పారబోసి, పేడనీళ్లు చల్లి అలికేది. కప్పు లేని నేల బండబారి దుంపను చంపుతోందని ఆమెకు తెలియదు, ఆ శుభ్రం చూసి మెచ్చుకునే దొరకూ తెలియదు.

మూడో ఏడు మాఘమాసంలో ఆమె నడుము పడిపోయింది. "తల్లీ, నలభై ఏళ్లు ఊడ్చాను. ఇంక నా వల్ల కాదు. నీ ఆకులు నువ్వే చూసుకో" అని చీపురు శిల ముందు పెట్టి, గుడిసె గుమ్మంలో చతికిలబడింది. ఆకులు చీలమండలు మునిగేంత పేరుకున్నాయి.

పౌర్ణమి ఉదయం దొర వచ్చాడు.

"ఏమే, ఇది అమ్మవారి సన్నిధా, పశువుల సాలా?"

"రెండేళ్లు అద్దంలా పెట్టాను కదా బాబూ, అప్పుడేం పూసింది?" అంది సన్యాసమ్మ, లేవకుండానే.

దొర కోపంతో చీపురు అందుకుని తానే ఒక్క ఊడుపు ఊడ్చాడు. ఆకుల కింద చెమ్మనేలలో నాలుగు కొండకలువలు విచ్చి ఉన్నాయి. చీపురు తగిలి ఒకటి తెగింది. ఆయన చీపురు వదిలి, తెగిన పువ్వునే అమ్మవారి పాదాల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుడిసె జోలికి రాలేదు.

నాటినుండి అమ్మవారు ఆకులమ్మ అయింది. నేటికీ ఆ వనంలోకి చీపురు పోదు. పౌర్ణమినాడు ఇంటికొకరు దోసెడు ఎండాకులు తెచ్చి పోస్తారు, ఒక్క పువ్వే కోస్తారు.

అయితే వనం ముందు రాతిపలక మీద, దొరకు కలలో అమ్మవారు కనిపించినట్టూ, దొరే వనం పెంచినట్టూ చెక్కించారు. వద్దంటే వినలేదు. పదకొండేళ్లుగా ఆ చెక్కించినవాళ్ల ఇంట నేను మంచినీళ్లు ముట్టలేదు. చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. అక్షరం బాగా వచ్చినవారెవరైనా పూనుకుని ఆ పలక మీద సన్యాసమ్మ పేరు వేయించండి. దొర చీపురు పట్టింది ఒక్కసారే, ఆ ఒక్కసారికే పువ్వు తెగింది.