సోమావతి గుమ్మం

భిక్షాపాత్ర పట్టుకుని వీధిలోకి వెళ్లాలంటే యువభిక్షువు రేవతుడికి మనసొప్పడం లేదు. ఆ ద్వీపదేశం దివాలా తీసిన ఏడాది అది. బియ్యం ధర కొండెక్కి కూర్చుంది. గ్యాస్ బండలు దొరక్క, వీధికొక్క కట్టెల పొయ్యి పెట్టుకుని జనం వంతులవారీగా వండుకుంటున్నారు.

అందరిలోకీ సోమావతిని చూస్తే అతనికి కడుపు తరుక్కుపోయేది. పెట్రోలు లేక ఆమె మొగుడి ఆటో ఇంటి ముందే పడి ఉంది. ముగ్గురు పిల్లలు. అయినా రోజూ గరిటెడు అన్నం పట్టుకుని గుమ్మంలో నిలబడేది. అందుకని రేవతుడు వారం రోజులుగా ఆ ఒక్క ఇల్లూ వదిలేసి, తల దించుకుని పక్కింటికి వెళ్లిపోతున్నాడు.

ఆ సంగతి గురువు పియరతనుడికి కాస్త గర్వంగానే చెప్పాడు.

"ఆమె మీద ఒక బరువు తగ్గించాను భంతే."

"తగ్గించమని ఆమె అడిగిందా?"

మేలు చేసే తొందరలో అడగడం ఎవరికి గుర్తుంటుంది?

మర్నాడు పొద్దున్నే గురువే పాత్ర అందుకున్నాడు. శిష్యుణ్ణి వెనక రమ్మన్నాడు. నొప్పుల మోకాళ్లతో మెల్లగా నడిచి, తిన్నగా సోమావతి ఇంటి ముందు ఆగి, పాత్ర మూత తీశాడు.

సోమావతి తలుపు తీసి చూసి, అక్కడే కూలబడింది.

"మా వల్ల ఏం తప్పు జరిగింది స్వామీ? భిక్షువులు వదిలేసిన ఇల్లని మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. బియ్యం ఉన్నాయి, వండుకునే దారే లేదు. నాలుగు రోజులుగా పిల్లలు నానేసిన అటుకులే తింటున్నారు."

పొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. రేవతుడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గురువు పాత్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి పరుగెత్తింది. వండినదేమీ లేదు. బొటనవేలంత బెల్లం ముక్క తెచ్చి, రెండు చేతులతో పాత్రలో వేసింది. గురువు దీవించి, అందరూ చూస్తుండగా నిదానంగా మూత పెట్టాడు.

పొయ్యి దగ్గర నుంచి ఒకావిడ గొంతు సవరించుకుంది.

"సోమా, నా వంట అయిపోయింది. గిన్నె పట్రా, నిప్పు ఆరిపోతుంది."

సోమావతి గిన్నె పట్టుకుని వెళ్లింది. నడకలో తడబాటు లేదు.

ఇద్దరూ తమ ఆరామానికి తిరిగొచ్చారు. గురువు మెట్ల మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటూ, పాత్ర అతని చేతికిచ్చాడు.

"రేపు నేను రాలేను. నీకు దారి తెలుసుగా?"